మారుపేర్ల నోటీసు

రిజిస్ట్రారు కచేరీ ఎదురుగా వరసగా ఆరు బల్లలుంటాయి. ఐదింటి వెనక మగవాళ్ళు, ఆరోదాని వెనక ఒక పెద్దావిడ. అమ్మకాలు, పంపకాలు, వీలునామాలు రాసిపెట్టడం వాళ్ళ వృత్తి. జనం ఆరో బల్ల దగ్గరే మూగుతారు. ఆవిడ రాత అచ్చుగుద్దినట్టు ఉంటుంది. పైగా ఆవిడకి భయమనేది తెలియదని ఆ వీధిలో ప్రతీతి. పెద్ద పెద్ద ప్లీడర్లు చెప్పిన వాక్యాన్ని కూడా "ఇది తప్పండీ, రాయను" అని మొహం మీదే అనేస్తుంది. ధైర్యం కొందరికి పుట్టుకతోనే వస్తుందని సన్మాన సభల్లో చెబుతుంటారు. సన్మాన సభల్లో చెప్పేవాటిలో సగం దండల బరువు మీద ఆధారపడి ఉంటాయి. తొమ్మిదో తరగతి చదివే రోజుల్లో ఆ హైస్కూల్లో ఆవిడంత పిరికిపిల్ల మరొకతె లేదు. ఆ హైస్కూలు మొత్తాన్ని మూడు రోజులపాటు గజగజలాడించిందీ ఆ పిల్లే.

అప్పట్లో ఆమెని అందరూ "అచ్చు" అనేవాళ్ళు. ఆ పేరు ఆమె పెట్టుకున్నది కాదు. స్కూల్లో తిరిగే తక్కిన పేర్లలో ముప్పాతిక మాత్రం ఆమె పెట్టినవే. నోట్లో నాలుక లేనట్టు కూర్చునే పిల్లకి ఇంత చమత్కారం ఎక్కడిదని ఎవరికీ అనుమానం రాలేదు, ఎందుకంటే ఆ పేర్లు ఆమె నోటినుంచి బయటికి వచ్చేవి కావు. పక్కనే కూర్చునే స్నేహితురాలి చెవిలో పడేవి. ఆ స్నేహితురాలి పేరు "టముకు". టముకు చెవిలో పొద్దున పడిన మాట మధ్యాహ్నం భోజనాల బెల్లుకల్లా సైకిళ్ళ షెడ్డు దాకా వెళ్ళేది. సాయంత్రానికి దానికి కాళ్ళూ చేతులూ మొలిచి తిరిగి అచ్చు దగ్గరికే వచ్చేది, "నీకు తెలుసా?" అంటూ.

వాక్యం మొదలుపెట్టి ఎప్పుడూ ముగించని భాషా మాస్టారు "కామా". చచ్చిపోయినవాళ్ళ గురించి తప్ప మాట్లాడని చరిత్ర మాస్టారు "కీర్తిశేషుడు". లెక్కల మాస్టారు "మైనస్". మూడేళ్ళుగా ప్రయోగశాల తలుపు తీయని సైన్సు టీచరమ్మ "తాళంకప్ప". డ్రిల్లు మాస్టారు "తుప్పు ఈల".

ఇంటి సంగతి వేరు. నాన్న బస్సు డిపోలో మెకానిక్కు. మాట తక్కువ మనిషి, అన్న మాట మాత్రం నట్టు బిగించినట్టు బిగించేవాడు. ఇంట్లోనే ఉండే మేనత్త ఒక బట్టల కొట్టుకి చొక్కాలు కుట్టి ఇచ్చేది. కాజాలు తీయడానికి ఆమెకి ఎప్పుడూ ఒక జత చేతులు తక్కువే. అచ్చు అక్క కూడా ఇదే స్కూల్లో చదివింది. తొమ్మిదో తరగతిలో ఉండగా క్లాసులో పగలబడి నవ్విందని ఒక చీటీ ఇంటికి వచ్చింది. మర్నాటికి ఆమె పుస్తకాలు అటకెక్కాయి. ఇప్పటికి మూడేళ్ళు, అక్క అత్తయ్య పక్కన కూర్చుని కాజాలు తీస్తోంది. ఎడమ చూపుడువేలు కొస సూదిపోట్లతో గట్టిపడి గోరులా అయిపోయింది. "నీకూ అంతే. స్కూలునుంచి ఒక్క మాట రాకూడదు," అని నాన్న ఒకే ఒక్కసారి అన్నాడు. రెండోసారి అనాల్సిన అవసరం రాలేదు, అక్క వేలు రోజూ కనిపిస్తూనే ఉండేది.

ఇక నోటీసు పుస్తకం. అట్ట వేసిన పెద్ద పుస్తకం, పేజీలకి నంబర్లు. పెద్ద మాస్టారు నోటీసు రాయించి సంతకం పెడితే, గంట కొట్టే తాత దాన్ని చంకలో పెట్టుకుని క్లాసు క్లాసుకీ తిప్పేవాడు. తాతకి చదువు రాదు. సిరా కొత్తగా కనిపిస్తే తీసుకుని బయల్దేరడమే అతనికి తెలిసిన లెక్క. ప్రతి క్లాసులోనూ మాస్టారు ముందు మార్జిన్లో సంతకం చేసి, తర్వాత పైకి చదివేవారు. ముందు చదివి తర్వాత సంతకం చేసినవాడు ఆ స్కూల్లో పుట్టలేదు. ఎందుకంటే పెద్ద మాస్టారి సంతకం ఉన్న కాగితాన్ని ప్రశ్నించడం అక్కడ ఎవరికీ అలవాటు లేని పని.

ఇందులో ఒక రహస్యం ఉంది. పెద్ద మాస్టారికి కుడిచెయ్యి వణుకు. ఏడాదిగా నాలుగు అక్షరాలు కుదురుగా రాయలేకపోతున్నారు. సంతకం మాత్రం ఒక్క ఊపులో పడే గీత కాబట్టి ఎలాగో వచ్చేది. అందుకని ప్రతి శనివారం తలుపు వేసుకుని, పుస్తకంలో వచ్చే ఆరు పేజీల అడుగునా సంతకాలు పెట్టి ఉంచేవారు. వారమంతా ఆయన చెబితే అచ్చు పైన రాసేది. ఆయన లేనిరోజు గుమాస్తా చెప్పేవాడు. నోటీసులు అచ్చు రాస్తుందని అందరికీ తెలుసు, సంతకాలు ముందే పడతాయన్నదీ ఆ చెయ్యి సంగతీ మాత్రం ముగ్గురికే తెలుసు. పాఠశాల కమిటీకి తెలిస్తే చెయ్యి బాగోలేదని ఆయన్ని ఇంటికి పంపేస్తారు. "ఇది బయటికి వెళ్ళకూడదమ్మా," అని మొదటిరోజే చెప్పారు. టముకు చెవికి అడుగు దూరంలో కూర్చుని కూడా ఏడాదిపాటు ఆ ఒక్క సంగతీ దాచడం అచ్చు జీవితంలో అప్పటికి చేసిన ఘనకార్యం.

ఆ బుధవారం పెద్ద మాస్టారు విద్యాశాఖ కార్యాలయంలో సమావేశానికి వెళ్ళారు. మర్నాడు కూడా రారన్నారు. గుమాస్తా వచ్చి నీళ్ళ కుళాయి పాడైందని రెండు వాక్యాలు చెప్పి, పళ్ళు నొప్పెడుతున్నాయని వెళ్ళిపోయాడు. అచ్చు రాసేసింది. ఆఫీసు పక్కనున్న చిన్న గదిలో ఆమె, పుస్తకం, సిరాబుడ్డి. తర్వాతి పేజీ ఖాళీగా, అడుగున నిండు సంతకంతో ఉంది. ఖాళీ పేజీకి దిగువన సంతకం ఉంటే పద్నాలుగేళ్ళ చేతికి దురద పుట్టకుండా ఉండదు. టముకుకి చూపించి నవ్వించాలనుకుంది, అంతే. తప్పు పడితే పైన తెల్లకాగితం ముక్క అంటించి మళ్ళీ రాయడం ఆ పుస్తకంలో మామూలు. చూపించాక అలాగే అంటించేస్తే సరి. నోటీసు భాష ఆమెకి కంఠతా వచ్చు, కలం దానంతట అదే పరిగెత్తింది:

"పాఠశాలలో వాడుకలో ఉన్న ఉపాధ్యాయుల మారుపేర్లను, వాటి కారణములతో సహా, ప్రతి విద్యార్థియు తెల్లకాగితముపై వ్రాసి, రేపు మొదటి గంటలోగా తరగతి ఉపాధ్యాయునికి అందజేయవలెను. తెలిసియు వ్రాయనివారిపై తగు చర్య తీసుకొనబడును."

రాసి, ఒకసారి చదువుకుని, ఒంటరిగా నవ్వుకుంది. జిగురు సీసా చూస్తే ఎండి రాయైంది. నీళ్ళు కలిపితే కరుగుతుందని కుళాయి దగ్గరికి వెళ్ళింది. కుళాయి పాడైందని తానే పావుగంట కిందట రాసిన సంగతి అక్కడికి వెళ్ళాక గుర్తొచ్చింది. వెనక వీధిలో చేతిపంపు దాకా వెళ్ళి, సీసా తడిపి, వచ్చేసరికి బల్లమీద పుస్తకం లేదు.

పరిగెత్తింది. వరండా చివర గంట తాత అప్పటికే పదో తరగతి గదిలోంచి బయటికి వస్తున్నాడు.

"తాతా, ఆ పుస్తకం ఒకసారి ఇవ్వు."

"రెండు నోటీసులున్నాయి కదమ్మా ఇవాళ. రెండూ చూసుకున్నాలే, సిరా పచ్చిగా ఉంది," అన్నాడు తాత తన జాగ్రత్తకి తానే మురిసిపోతూ. నోటీసు చదివి మళ్ళీ పాఠం ఎత్తుకున్న చరిత్ర మాస్టారి గొంతు పదో తరగతి తలుపులోంచి మధ్యలో తెగినట్టు ఆగిపోవడం ఆమెకి వినిపించింది. ఆ గొంతు ఆగగా వినడం ఆ స్కూల్లో అదే మొదటిసారి.

పుస్తకం లాక్కోవచ్చు. లాక్కుంటే ఎందుకు లాక్కున్నావంటారు. ఆమె కాళ్ళు ఆమెని తన క్లాసులోకి తీసుకెళ్ళి బల్లమీద కూర్చోబెట్టాయి. ఐదు నిమిషాల్లో తాత అక్కడికీ వచ్చాడు. మైనస్ మాస్టారు అలవాటుకొద్దీ సంతకం గీకి, పైకి చదవడం మొదలుపెట్టారు. "మారుపేర్లను" దగ్గర గొంతు కొంచెం తడబడింది. "కారణములతో సహా" దగ్గర కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ముగించి, పుస్తకం మూసి, క్లాసువైపు చాలాసేపు చూశారు. నలభైమంది పిల్లలు బల్లల మీద చెక్కిన గీతల్ని శ్రద్ధగా పరిశీలిస్తున్నారు.

"సరే," అన్నారు చివరికి. "లెక్క మూడు."

ఆ మధ్యాహ్నం ఎవరూ సరిగ్గా తినలేదు. సైకిళ్ళ షెడ్డులో సభలు జరిగాయి. పెద్ద మాస్టారు రిటైరవుతూ అందరి మీదా పగ తీర్చుకుంటున్నారని ఒక వర్గం. కాదు, ఏదో ఒక మాస్టారు తన పేరు గోడమీద చూసి కోర్టుకి వెళ్ళాడని, జడ్జీ ఆధారాలు అడిగాడని ఇంకో వర్గం. రాతని బట్టి పేర్లు పుట్టించినవాళ్ళని పట్టుకునే నిపుణుడు ఒకాయన వస్తున్నాడని సాయంత్రానికి ఖాయమైపోయింది. ఆ నిపుణుడు సన్నగా, పొడుగ్గా ఉంటాడట, భూతద్దం జేబులోనే ఉంటుందట, క్రితం స్కూల్లో పదకొండుమందిని పంపించేశాడట. అలాంటి మనిషి లేడని ప్రపంచంలో అందరికంటే అచ్చుకే బాగా తెలుసు. అయినా ఆ రాత్రి కలలో వచ్చింది వాడే.

టముకు అలిగింది. "నువ్వే కదే రాసేది. నాకు ముందే ఎందుకు చెప్పలేదు?"

పెద్ద మాస్టారు చెప్పొద్దన్నారని అచ్చు గొణిగింది. ఏది జరిగినా మొదట చెప్పుకునేది టముకుకే. ఇది చెబితే గంటలో నాన్నకి తెలుస్తుంది. కాబట్టి పక్కనే, భుజం భుజం తగులుతూ కూర్చుని, నోరు కుట్టేసుకుంది. మోయడం కష్టమైన బరువుల్లో నవ్వొచ్చే సంగతి ఒకటి, భయం ఒకటి. ఈ మూటలో రెండూ ఉన్నాయి.

పిల్లల భయం ఒక ఎత్తు, మాస్టర్ల భయం ఇంకో ఎత్తు. ఒకళ్ళకి తెలియకుండా ఒకళ్ళు ఆ చిన్న గదికి వచ్చారు, పెద్ద మాస్టారి రాతపని చేసే పిల్లకి లోగుట్టు తెలిసి ఉంటుందని. డ్రిల్లు మాస్టారు గుమ్మంలో నిలబడి, తను కఠినంగా ఉంటాడు కాబట్టి తనకి పేరేమీ ఉండదనీ, అవునా అనీ అడిగి, జవాబు రాకముందే వెళ్ళిపోయాడు. సైన్సు టీచరమ్మ ఏమీ అడగలేదు. మర్నాడు పొద్దున్నే తాళంచెవి వెతికించి ప్రయోగశాల తెరిపించింది. లోపల సీసాలన్నీ సాలెగూళ్ళలో చుట్టుకుని ఉన్నాయి. నల్లబల్ల మీద మూడేళ్ళ కిందటి తేదీతో పాఠం అలాగే ఉంది.

చివర భాషా మాస్టారు వచ్చారు. ఆయనంటే అచ్చుకి ఇష్టం. రాత బాగుందని మొదట చెప్పింది ఆయనే.

"అమ్మా, నేను వయసులో పెద్దవాణ్ణి, ఏదైనా తట్టుకోగలను, కానీ ముందుగా తెలిస్తే ఇంట్లో మా ఆవిడకి నేనే... నా బట్టతల గురించేనా?"

"కాదు సార్."

"మరి?"

"కామా, సార్."

ఆయన ఆలోచించారు. మొహం మెల్లగా తేలికపడింది. "అదేనా? నేను ఇంకా..." అని, ఆ వాక్యాన్ని అక్కడే వదిలేసి, వరండాలో నడుచుకుంటూ వెళ్ళిపోయారు. గదిలో నవ్వడానికి ఎవరూ లేరు. అచ్చుకి నవ్వు రాలేదు కూడా.

గురువారం మొదటి గంటకల్లా మూడు వందల పన్నెండు కాగితాలు వచ్చాయి. ఎలాగైనా అందరూ ఒకే అబద్ధం చెప్పాలని షెడ్డులో తీర్మానం జరిగింది. మూడు వందల మంది కలిసి ఒకే అబద్ధం చెప్పగలిగితే అది స్కూలు కాదు, ప్రభుత్వం. కొందరు తెల్లకాగితం ఇచ్చారు. కొందరు పుట్టుపూర్వోత్తరాలతో సహా పద్నాలుగు పేర్లు రాశారు. "మా ఉపాధ్యాయులందరూ తల్లిదండ్రులతో సమానులు, వారికి మారుపేర్లు లేవు, కామా మాస్టారు కూడా ఇదే చెప్పారు" అని ఒక బుద్ధిమంతుడు రాశాడు. క్లాసు మాస్టర్లు కట్టలు కట్టి, దారం చుట్టి, పెద్ద మాస్టారి బల్లమీద పెట్టారు. దారం చుట్టడానికి ఒక్కొక్కరికి అరగంట పట్టింది. ఆ అరగంట ఏం చేశారో వాళ్ళ మొహాలే చెప్పాయి.

శుక్రవారం పెద్ద మాస్టారు వచ్చారు. తలుపు వేసుకున్నారు. పొద్దుటినుంచి మధ్యాహ్నం దాకా గదిలోంచి కాగితాలు తిరగేసే చప్పుడు తప్ప మరోటి లేదు. కిటికీ సందులోంచి చూసొచ్చిన టముకు, ఆయన నవ్వడంలేదనీ, కోపంగానూ లేరనీ, ఒకదాని తర్వాత ఒకటి చదువుతూనే ఉన్నారనీ చెప్పింది. అచ్చు పొద్దున్నే ఇంట్లో బయల్దేరేటప్పుడు అక్క వైపు చూడలేకపోయింది. కొత్తగా వచ్చిన చొక్కాల మూటని అత్తయ్య విప్పుతూ, ఈసారి పని బాగా ఎక్కువుందని అంది.

రెండున్నరకి గంట తాత క్లాసు గుమ్మంలోకి వచ్చాడు. పెద్ద మాస్టారు పిలుస్తున్నారన్నాడు. ఎవరినని మైనస్ మాస్టారు అడగలేదు, ఆమె అప్పటికే లేచి నిలబడి ఉంది.

"తలుపు వెయ్యి," అన్నారు పెద్ద మాస్టారు. బల్లమీద కట్టలు, వాటి ముందు తెరిచిన నోటీసు పుస్తకం. ఎడమచేత్తో కుడిచేతిని బల్లకి అదిమిపెట్టి కూర్చున్నారు.

అచ్చు తలుపు వేసి, తలుపుకే ఆనుకుని నిలబడింది.

"ఇది నేను చెప్పలేదు. గుమాస్తా చెప్పలేదు."

"లేదు సార్."

"ఎవరు రాయమన్నారు?"

"ఎవరూ లేదు సార్. అంటించేద్దామనుకున్నా. జిగురు ఎండిపోయింది."

ఆయన కట్టల వైపు చూశారు. "మూడు వందల పన్నెండు. అందరి పేర్లూ ఉన్నాయి. తాతకి కూడా ఒకటుంది. నాది ఎక్కడా లేదు."

అచ్చు కట్టలకి చుట్టిన దారాల వైపే చూస్తోంది.

"నాకు పేరు పెట్టలేదంటే నమ్మను. నేను చదువుతానని భయపడి రాయలేదు. ఏంటది?"

ఆ పేరు కూడా ఆమె పెట్టిందే. చెప్పకపోతే అబద్ధం, చెబితే ఇంకో నేరం. తలుపు గడియ వీపుకి గుచ్చుకుంటోంది.

"సంతకం," అంది.

బయట తుప్పు ఈల మోగింది, పిల్లలు పరిగెడుతున్న చప్పుడు వచ్చింది, మళ్ళీ పోయింది. ఆయన కుడిచెయ్యి ఎడమచేతి కింద కదులుతూనే ఉంది.

"అలమారులో టీసీ ఫారాలున్నాయి. ఒకటి తీసుకుని కూర్చో."

ఇలాంటి కథల్లో ఈ చోట గురువుగారి మనసు కరగాలి, పిల్ల కళ్ళు తుడుచుకోవాలి, ఇద్దరూ కలిసి నవ్వుకోవాలి. ఆయన కరగలేదు. ఒక్కొక్క గడీ చెబుతూ పోయారు, ఆమె తన టీసీ తానే రాసుకుంది. విద్యార్థి పేరు. తండ్రి పేరు. పుట్టినతేదీ. చదివిన తరగతి. వేరే ఎవరిదో రాస్తున్నట్టు అక్షరాలు ఎప్పటిలాగే గుండ్రంగా, వరస తప్పకుండా వస్తున్నాయి. చేతికి భయం తెలియకపోవడం చూసి ఆమెకి ఇంకా భయమేసింది. "ప్రవర్తన" అన్న గడి దగ్గర కలం ఆగింది.

"అది వదిలెయ్. తేదీ కూడా వదిలెయ్."

ఫారం తన వైపు తిప్పుకుని, ఊపిరి బిగబట్టి, ఒక్క ఊపులో సంతకం పెట్టారు. సొరుగులో వేసి తాళం తిప్పారు.

"మీ నాన్నకి కబురు చెయ్యడం లేదు. కమిటీకి చెప్పడం లేదు. ఎందుకో తెలుసా?"

తెలుసు. చెబితే పుస్తకం చూపించాలి. పుస్తకం చూపిస్తే, ఆయన చెప్పని నోటీసు కింద ఆయన సంతకం ఎలా వచ్చిందని అడుగుతారు. ఆయన కూడా ఇంటికి వెళ్ళాల్సి వస్తుంది. ఇది అర్థమైనా ఆమెకి పిసరంత ధైర్యం రాలేదు. ఇద్దరు భయపడితే భయం సగమవుతుందని ఎవరో చెప్పే లెక్క తప్పు. అది రెట్టింపే అవుతుంది.

"వెళ్ళు, క్లాసుకి."

మర్నాడు, శనివారం, నోటీసు రద్దయినట్టు నోటీసు వచ్చింది, ఆమె రాతలోనే. కట్టలు అలమారులోకి వెళ్ళాయి. అదంతా మనస్తత్వ శాస్త్ర పరిశోధన అని టముకు తేల్చింది. ఆ సాయంత్రం ఆయన మళ్ళీ తలుపు వేసుకుని ఆరు పేజీల అడుగునా సంతకాలు పెట్టి పుస్తకం ఆమె ముందుకి తోశారు. అది నమ్మకమని ఎవరైనా అనుకుంటే అనుకోవచ్చు. ఆయనకి వేరే దారి లేదు, అంతే. ఆమె ప్రతి నోటీసూ రాసి మూడుసార్లు పైకి చదివి వినిపించేది. మారుపేర్లు పెట్టడం మానేసింది. ఆ తర్వాత వచ్చిన కొత్త సంగీతం టీచరమ్మకి ఏడాదయినా ఒక్క పేరూ పుట్టలేదు. ఈ స్కూలు చప్పబడిపోయిందని టముకు వాపోయేది.

పదో తరగతి ముగిసేదాకా ఆమె ఆయన బల్ల దగ్గరే, ఆ సొరుగుకి మూరెడు దూరంలో కూర్చుని రాసింది. ఆయన తాళాలగుత్తి తీసిన ప్రతిసారీ కలం ఆగేది. తేదీ లేని కాగితం కాబట్టి ఏ రోజైనా దాని రోజే. పదో తరగతి మధ్యలో ఒకసారి నాన్నని స్కూలుకి పిలిపించారు. ఆ రోజు పాఠాల్లో ఒక్క ముక్క ఆమె చెవికెక్కలేదు. ఇంటికొచ్చి చూస్తే అత్తయ్య పక్కన అక్క, అక్క పక్కన ఇంకో పీట వేసి ఉంది. ఆ పీట మీద కూర్చోవాలో వద్దో తెలియక గోడవారన నిలబడింది. నాన్న చేతులకున్న గ్రీజు కడుక్కుని వచ్చి, అన్నం సగం తిన్నాక అన్నాడు:

"కాలేజీలో చేర్పిస్తావా అని అడిగారు మీ పెద్ద మాస్టారు. చూద్దాం అన్నాను." మరి కాసేపాగి, "ఆ పీట ఎవరిదే అడ్డంగా?" అన్నాడు. అది బొత్తాల డబ్బా పెట్టుకోవడానికి అత్తయ్య వేసుకున్న పీట.

పదో తరగతి ఫలితాలు వచ్చాయి. ఆమె మంచి మార్కులతో పాసైంది. టీసీల కోసం పిల్లలు వరండాలో బారు తీరారు. అందరివీ గుమాస్తా దగ్గర. ఆమెని మాత్రం లోపలికి పంపాడు. పెద్ద మాస్టారు సొరుగు తాళం తీసి, ఆ ఫారాన్నే బల్లమీద పెట్టారు. అంచులు పసుపుపచ్చగా మారాయి.

"తరగతి దిద్ది, తేదీ వెయ్యి."

తొమ్మిదిని పదిగా మార్చింది. తేదీ వేసింది. ప్రవర్తన గడి అలాగే ఖాళీగా ఉంది. ఆయన కిటికీవైపు తిరిగి కూర్చున్నారు, ఆమె ఎంతసేపు కూర్చున్నా ఇటు తిరిగేటట్టు లేరు. కలం ఆమె చేతిలో ఉంది, సంతకం అడుగున ఉంది. ఆమె కలం బల్లమీద పెట్టి, కాగితం మడిచి తీసుకుని బయటికి వచ్చేసింది.

కాలేజీ ఊరికి అటు చివర. చేరడానికి అదే ఆఖరిరోజు, నాలుగు గంటలకి కిటికీ మూసేస్తారు. ఒకటిన్నరకి ఆమె వంతు వచ్చింది. కిటికీ వెనక గుమాస్తా ఫారం చూసి పెదవి విరిచాడు.

"ప్రవర్తన రాయలేదేంటమ్మా?"

"వాళ్ళు రాయలేదండి."

"ఇదంతా నీ రాతలానే ఉందే. దరఖాస్తు మీద రాతా ఇదే కదా. ఇదిగో పెన్ను, 'మంచిది' అని నువ్వే రాసెయ్. ఎవరు చూస్తారు?"

కలం కిటికీలోంచి ముందుకి వచ్చింది. వెనక బారులో ఎవరో, త్వరగా కానివ్వమ్మా, అని విసుక్కున్నారు. ఆమె చెయ్యి కాస్త లేచింది కూడా. ఆ లేచిన చేతిని చూసి తనే హడలిపోయి వెనక్కి తీసుకుంది.

"నేను రాయనండి. వెళ్ళి రాయించుకొస్తాను."

"నాలుగు దాటితే లేదు మరి."

రెండు బస్సులు మారి స్కూలుకి చేరేసరికి రెండున్నర. వరండా ఖాళీ. పెద్ద మాస్టారు ఒక్కరే ఉన్నారు. ఆమె ఫారం బల్లమీద పెట్టి, ఆ గడి మీద వేలు పెట్టి చూపించింది. ఆయన గడిని చూశారు, ఆమెని చూశారు. నువ్వు రాయి, నేను చెబుతానని అనలేదు. ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకుని, కలం కాగితానికి ఆనించి, రాయడం మొదలుపెట్టారు. ఆ ఒక్క మాట రాయడానికి ఎంతసేపు పట్టిందో ఆమెకి తెలియలేదు. గడియారం చూడాలని ఉంది, చూడటానికి భయమేసింది. రాసి, కాగితం ఆమెకిచ్చారు. అది అక్షరాలుగా మొదలై, మధ్యలో చీమలు పాకినట్టు అయి, గడి దాటి మార్జిన్లోకి వెళ్ళిపోయింది. ఏమి రాశారో ఆమెకి అంతుపట్టలేదు. అడగడానికి నోరు రాలేదు. ఆయనా చెప్పలేదు.

నాలుగుకి పది నిమిషాలుండగా మళ్ళీ కిటికీ దగ్గరుంది, ఆయాసపడుతూ. గుమాస్తా ఫారాన్ని కళ్ళకి దగ్గరగా పెట్టుకున్నాడు, దూరంగా పెట్టుకున్నాడు, పక్కకి తిప్పాడు.

"ఏం రాశారమ్మా ఇది?"

"చదవలేకపోయానండి."

"నీ గురించే కదా."

"అవునండి."

పక్కనున్న గుమాస్తాకి చూపించాడు. ఆయన కూడా చూసి భుజాలెగరేశాడు. "తిట్టాలనుకున్నవాడు ఇంత కష్టపడి రాయడులే," అని మొదటతను ముద్ర తీసి సిరాదిండు మీద అద్ది, ఆ మాట మీద పడేటట్టు గట్టిగా కొట్టాడు. తర్వాతివాళ్ళని పిలిచాడు.

చేరిపోయింది. రసీదు చేతిలో ఉంది. అయినా ఆమె ఇంటికి వెళ్ళలేదు. లోపల ఆ కాగితం ఒక కట్టమీద పైనే ఉంది. ఎవరో ఒకరు తీరిగ్గా దాన్ని తీసి, వెలుతురుకి పెట్టి, చదివేస్తారేమోనని, కిటికీ మూసే దాకా ఆమె పక్కనే గోడకి ఆనుకుని నిలబడి ఉంది.